చుక్క అతుకు

రెండు ఉక్కు పలకల్ని అతికే ముందు
చుక్కలు పెడతాం.
మూలకొకటి, నడుమ ఒకటి,
కందిగింజంత.
పలక కదలకుండా నిలవడానికి అవి చాలు.
కొలత తప్పిందనుకుంటే
సుత్తితో ఒక్క దెబ్బ, ఊడొస్తుంది.
గీరేస్తే మచ్చ కూడా మిగలదు.

సాస్కటూన్‌లో
విత్తనాలు నాటే యంత్రాలు చేసే షెడ్డు మాది.
బయట మైనస్ ముప్పై ఒకటి.
లోపల నేనూ, టెమెస్గెన్, క్రిసాంతో.
ఒకే నిప్పు, ఒకే జీతం,
పోయిన గురువారం నుంచి
రెండు రకాల కాగితాలు.

నా పర్మిట్ మీద నా పేరు కిందే
కంపెనీ పేరు,
ఇక్కడి ఆవుల చెవికి వేలాడే
పసుప్పచ్చ బిళ్ళలాగా.
నా ఇన్సూరెన్స్ నంబరు తొమ్మిదితో మొదలవుతుంది.
తొమ్మిది చూడగానే బ్యాంకులో అమ్మాయి గొంతు
ఒక మెట్టు దిగుతుంది.
కారు లోను పద్నాలుగు నెలలకే ఇస్తానంది.
పదిహేనో నెలలో నేనుంటానో లేదో తనకి తెలియదు.
నాకూ తెలియదు.
తెలిసినవాడిలా సంతకం పెట్టాను.

అద్దె గదిలో ఒక్క మేకూ కొట్టలేదు.
క్యాలెండరు ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటించాను.
ఉప్పు చిన్న ప్యాకెట్టే కొంటాను,
పెద్దది చవకని తెలిసీ.

టెమెస్గెన్‌కి కార్డు రావడానికి ఆరేళ్ళు పట్టింది.
మధ్యలో ఓసారి, రెన్యువల్ ఏ బల్ల మీదో పడుంటే,
గడప దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని
తమ్ముడి పెళ్ళి షెడ్డు టాయిలెట్లో నిలబడి
ఫోన్లో చూశాడు.
పదకొండు నిమిషాలు. బ్రేక్ అంతే.

కార్డు తెచ్చి చూపించాడు.
క్రిసాంతో చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.
కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి
"దీనికీ గడువుందే!" అన్నాడు.
ఉంది. ఐదేళ్ళు.
"గడువు కార్డుకి, నాకు కాదు" అన్నాడు టెమెస్గెన్.
అనేసి, తనే ఇంకోసారి
తేదీ చూసుకున్నాడు.

సోమవారం ఫోర్‌మన్ డ్వేన్ వచ్చాడు.
ఆర్డరు ఆలస్యమైంది, ఆదివారం రావాలి.
ఎప్పట్లాగే, అడగలేదు, చెప్పాడు.
"రాను" అన్నాడు టెమెస్గెన్.

కోపం లేదు, కారణం లేదు.
జ్వరమనీ, పాపకి బాగాలేదనీ
మేం ఇన్నాళ్ళూ అల్లిపెట్టుకున్న అబద్ధాల్లో
ఒక్కటీ వాడలేదు.
రెండే అక్షరాలు,
నీళ్ళగ్లాసు బల్ల మీద పెట్టినట్టు.

ఎవరో గ్రైండర్ ఆపారు.
కప్పు కూలుతుందనుకున్నా.
డ్వేన్ "సరే" అని
కాగితంలో ఒక పేరు కొట్టేసి
నా వైపు తిరిగాడు.
చెడ్డవాడేం కాదు.
పోయిన చలికాలం నా కారు బ్యాటరీ చచ్చిపోతే
తన ట్రక్కుతో బతికించాడు.
అడిగేలోపే నా తల ఊగింది.

ఆదివారం సగం లైట్లే వేశారు.
మధ్యాహ్నం టెమెస్గెన్‌కి ఫోన్ చేశాను.
ఏం చేస్తున్నావంటే
"ఏమీ లేదు. ఐదింటికే మెలకువొచ్చింది.
బూట్లు వేసుకుని కాసేపు కూర్చున్నాను" అన్నాడు.
ఇద్దరం నవ్వాం.
ముందు ఎవరు ఆపారో గుర్తులేదు.

హెల్మెట్ దించాను.
చుక్క. చుక్క. చుక్క.
పలక నిలిచింది.
దీని మీంచి పూర్తి అతుకు నడిపితే
ఈ చుక్కలు కరిగి అందులోనే కలిసిపోతాయి.
ఎక్కడ పెట్టామో
ఇన్‌స్పెక్టర్ కూడా చెప్పలేడు.
ఆ పని రేపటి షిఫ్టుది.

హెల్మెట్ కింద పెదాలు ఎవరికీ కనపడవు.
"రాను" అన్నాను.
ఊపిరి తగిలి అద్దం మసకేసింది.
అది ఆరేదాకా ఆగి
ఇంకో పలక అందుకున్నాను.