పచ్చది, గులాబిది, ఇంజిను

రామమూర్తినగర్‌లో మా ఇంటి వెనక
సంపు మూతకీ కాంపౌండు గోడకీ మధ్య
పది అడుగుల నేల.
అందులోనే కోళ్లు, కరివేపాకు చెట్టు, బట్టల తీగ,
పొద్దున ఎనిమిది నుంచి పదింపావుదాకా ఎండ.

రెండు కోళ్లూ తెల్లగానే ఉంటాయి.
అయినా ఒకటి పచ్చది, ఒకటి గులాబిది.
మూడేళ్ల కింద బడి గేటు ముందు బండి మీద
అద్దకం వేసిన పిల్లల్ని అమ్ముతుంటే
హంసవేణి మూడింటిని బ్యాగులో వేసుకొచ్చింది,
టిఫిన్ బాక్సు చేత్తో పట్టుకుని.
ఇవి బతకవమ్మా అని వీధంతా చెప్పింది.
మొదటి వానకే రంగులు కారిపోయాయి.
పేర్లు కారలేదు.
నీలంది పుంజయింది.
తెల్లారి నాలుక్కి పై మేడవాళ్లను లేపి లేపి
చివరికి మాలూరు బస్సెక్కింది, మా ఆడబిడ్డ ఒళ్లో.
ఆ ఆదివారం ఆవిడ ఫోన్ చేస్తే
హంసవేణి మాట్లాడలేదు.

ఇంజిను వాటికంటే పదకొండేళ్లు పెద్ద.
పిల్లప్పుడు గుర్రుమంటే లారీ స్టార్టయినట్టుండేది.
కోళ్లు వచ్చిన కొత్తలో
గులాబిదాని తోక ఈకలు నోట కరుచుకుని
ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వచ్చాడు.
నా చేతిలో చీపురు విరిగింది.
ఇప్పుడు వాడి కళ్ల మీద గంజి పొర.

హెబ్బాళ ఆస్పత్రిలో డాక్టరు టార్చి వేసి చూసి
చెవి నిమిరి
"వయసాయ్తమ్మా, అష్టే" అన్నాడు.
ఆ అష్టే ఆటోలో నా పక్కనే కూచుంది.
కుక్క ఉందని
మీటరు మీద ఇరవై ఎక్కువ అడిగాడు ఆటో అబ్బాయి.

వాడిప్పుడు ఎండను కోళ్లను బట్టి కనుక్కుంటాడు.
అవి క్కొక్కొ అంటూ గోడవారకు జరిగితే తనూ జరుగుతాడు,
అవి పొర్లిన దుమ్ములోనే మూతి ఆనించి పడుకుంటాడు.
గద్ద నీడ నేల మీద తిరిగితే
అవి కిక్కురుమనకుండా వాడి పొట్ట కిందికి దూరతాయి.
వాడు లేచి మొరుగుతాడు,
గద్ద ఒకవైపుంటే గోడ వైపు.
గద్ద పోతుంది. ఎందుకు పోతుందో గద్దకే తెలియాలి.

పచ్చది గుడ్డు పెట్టేది వాడి గోనెసంచిలోనే.
దాని చుట్టూ ముడుచుకుని నిద్రపోతాడు.
ఒకసారి ఒళ్లు మసలుకుని పగిలిపోతే
అంతా నాకేసి, వెళ్లి
బాత్రూములో బకెట్ వెనక కూచున్నాడు సాయంత్రందాకా.

గులాబిది గుడ్డు పెట్టి ఐదు నెలలు.
మా ఆయన రెడ్డెప్ప లెక్కల మనిషి,
పాల కవర్లు కూడా కడిగి, కట్టకట్టి అమ్ముతాడు.
"నూకలు దండగ. మాత్రలు దండగ.
ఈ ఇంట్లో పని చేసేది నేనూ, మిక్సీ"
అంటాడు, చీరకు ఫాల్ కుడుతున్న నన్ను దాటుకుంటూ.
సూది ఎత్తి చూపిస్తాను.

మొన్న ఎవరికీ చెప్పకుండా
పాత మంచం చెక్క తెచ్చి, రెండు ఇటికలు పెట్టి
వెనక గుమ్మానికి ఏటవాలు కట్టాడు,
జారకుండా పైన గోనెగుడ్డ కొట్టి.
మెట్టు దిగలేకపోతున్నాడు గదా, అన్నాడు,
పళ్ల మధ్య మేకులతో, ఎటో చూస్తూ.

ఇంజిను ఆ చెక్కను వాసన చూసి
మెట్టు మీదనుంచే దిగాడు, పడ్డట్టుగా.
పచ్చది మాత్రం ఎక్కింది. దిగింది. ఎక్కింది.
సరిగ్గా నడిమధ్య కూచుని ఈకలు విప్పుకుంది.

రాత్రి రెండింటికి కరెంటు లేదు. చినుకులు.
పక్కన మనిషి లేడు.
వెనక తలుపు తీసి ఉంది.
లుంగీ ఎగ్గట్టుకుని మా ఆయన
కరివేపాకు చెట్టు దగ్గర
ఇంజిను మీద గొడుగు పట్టి నిలబడ్డాడు,
తన భుజాలు తడుస్తున్నాయి.
గంప కింద కోళ్లు నిద్రలో కుర్రుమన్నాయి.

"అయిందా?" అంటున్నాడు చిన్నగా.
"కాలేదా?
సరే, కానీ. తొందరేం లేదు."