ఒక గుండీ తక్కువ

కుటైసిలో తెరిపివ్వని మార్చి వాన.
లమారా గుండీల కొట్టు ముందునుంచి
గొడుగులు పోతుంటాయి, ఒక్కటీ ఇటు తిరగదు.

కంటికి ఆనితేనే కాళ్లు ఆగుతాయంటూ
మేనకోడలు తెక్లే వచ్చి
ట్యూబులైటు పీకేసి పసుపు బల్బు పెట్టింది,
కిటికీ అద్దం జిడ్డు వెనిగర్‌తో వదిలించింది,
రెండువందల సొరుగులకూ
ఏ సొరుగు గుండీ ఆ సొరుగు మొహాన అతికించింది:
పచ్చ పింగాణీది, గేదెకొమ్ముది,
ఏ సైన్యానిదో ఇత్తడిది.
కొట్టు కళకళలాడింది.
గొడుగులు మాత్రం ఆగలేదు.

ఆ రాత్రి లమారా
పోయిన మొగుడి నీలం ఓవర్‌కోటు
కిటికీలో తగిలించి
పైనుంచి మూడో గుండీ పుటుక్కున తెంపింది.

మర్నాడు పోస్టుమాన్ తలుపు తోశాడు:
"అమ్మా, మీ కోటుకి ఒకటి ఊడింది."
తర్వాత పళ్ల డాక్టరమ్మ. ఇద్దరు బడిపిల్లలు.
చెప్పి పోదామని వచ్చినవాళ్లు
తమ చొక్కాలు తడుముకున్నారు,
సొరుగులు లాగి చూశారు,
వాన వెలిసినా ఉన్నారు.

"కుట్టెయ్యొచ్చుగా?" అని తెక్లే అడిగితే
"జోడు దొరకలేదే" అంటుంది,
ఏప్రాన్ జేబులో
బొటనవేలితో దాన్నే తిప్పుతూ.