ఎడమ ముడి

రెండు రోజుల్లో నాలుగు పోయినాయి.

ఉలవపాడు అవతల
సరుగుడు తోపు వెనక సముద్రం దగ్గుతా ఉండే ఊరు మాది.
తెల్లారేసరికి అందరికీ అన్నీ తెలుసు.
"ముంగిస" అన్నాడు మాలకొండయ్య మామ,
పళ్లపుల్ల నోట్లోంచి తియ్యకుండానే.
"కుక్కలే" అంది రావులమ్మక్క.
"రెండుకాళ్ల కుక్క" అన్నారు ఇంకెవరో,
అని, యానాదుల గుడిసెల వైపు చూశారు.
చూపుకి సాక్ష్యం అక్కర్లేదు గదా.

అమ్మ కబురు పెట్టింది చెంచమ్మకి.
బొరియ ముందు గొంతుక్కూర్చుని
లోపల పిల్లలెన్నో వాసనతో చెప్పే మనిషి.
కూర్చోమని ఎవరూ అనలేదు.
ఆమే కూర్చుంది, నేల మీద, నేల చెప్పేది వినడానికి.
కంచె అవతల ఆమె కొడుకు పోలయ్య,
చెప్పులు చేత్తో పట్టుకుని.

పర్ల పెట్టని తిరగేసింది.
మెడ కింద రెండు సన్న గాట్లు.
ఒళ్లంతా అట్నే ఉంది, నెత్తురే లేదు.
"ఇది ముంగిస పాపా. తాగి పోద్ది, తినదు."
మామ పుల్ల తీసి ఉమ్మాడు, గెలిచినట్టు.

పొదుగుడు పెట్టకి గాయమే కనపడలా.
జుట్టు నల్లబడింది. గంపలో గుడ్లు తగ్గినాయి.
"పాము. గుడ్లొదిలి లేస్తే బతికుండేదే.
లేవలా, తల్లి గదా."
అమ్మ ఎందుకో నా వైపు చూసి, కొంగు సర్దుకుంది.

కోడిపిల్లది కాలొక్కటే దొరికింది
గడ్డివాము కింద బొక్క దగ్గర.
"పందికొక్కు" అంది. అంతే.
అది ఆమెకి తెలిసినవాళ్ల వ్యవహారం.

మిగిలింది డేగ పుంజు.
గద్ద పేరు పెట్టుకుని
గద్ద నీడ పడితే గాదె కిందికి దూరేది.
అయినా సంతలో మూడువేలంటే ఎగబడతారు.
ఈక లేదు. చుక్క నెత్తురు లేదు.
గూటి తడిక వేసినట్టే ఉంది,
పురికొస ముడి బిగించినట్టే ఉంది.

చెంచమ్మ ఆ ముడి మీద వేలు పెట్టింది.
పెట్టి, చాలాసేపు తియ్యలా.
అది ఎడమకి తిరిగిన ముడి.
ఆమె చూపు వాకిలంతా నడిచింది,
ఒక్కో చెయ్యినీ పలకరిస్తా.
మామ చేతిలో పుల్ల. అక్క చేతిలో చాట.
నాయన చేతిలో టీ గ్లాసు,
ఎడమచేతిలో.
అక్కడ ఆగి, నా మీదికొచ్చింది.
నేనూ అక్కడే చూస్తన్నా.

వీధంతా ఆమె నోటి కోసం నిలబడింది.
కంచె అవతల పోలయ్య చెప్పులు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

ముడి విప్పింది.
పురికొసని వేలికి చుట్టి, దులిపి, పక్కన పడేసింది.
"అడవిపిల్లి" అంది.
"పెద్దది. నోట కరుచుకుంటే ఈక కూడా రాలనీదు."
"మరి తడిక?" అంది రావులమ్మక్క.
"పిల్లి తెలివి మీకు తెలీదమ్మా."
ఆ గొంతులో నేనెప్పుడూ వినని మెత్తదనం,
కొత్త చెప్పులతో నడిచినట్టు.

అమ్మ సోలెడు బియ్యం పోసింది.
నాయన యాభై నోటు తీశాడు.
బియ్యం ఒళ్లో కట్టుకుని,
నోటుని అరుగు మీదే పెట్టి,
ఎగరకుండా దాని మీద రాయి పెట్టి పోయింది.

ఆ రాత్రి తోపు అంచున
పిల్లి కోసం ఉచ్చు కట్టాడు నాయన.
టార్చి నేను పట్టుకున్నా.
వేసిన ముడి జారిపోతంది, మళ్లీ వేస్తన్నాడు,
మళ్లీ జారిపోతంది.
కుడిచేత్తో వేస్తన్నాడు.