దాలమ్మ వేలు

కాశీనగరం బస్టాండు వెనక
పాన్ కొట్టుకీ ఎరువుల దుకాణానికీ మధ్య
ఆరడుగుల వెడల్పు నా గది.
బోర్డు ఒడియాలో, బేరం తెలుగులో.
మిషను మాత్రం వేళ్లతోనే మాట్లాడుతుంది.

బుధవారం కరెంటు పోయి వచ్చిన వేళ
దాలమ్మ వచ్చింది, జీడిబట్టీ నుంచి నేరుగా.
చేతులకి బూడిద ఇంకా వదల్లేదు.
"పింఛను పడ్డాదేటో సూడు బాబూ."

బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం.
చూపుడువేలు. ఎర్రదీపం.
తడిగుడ్డతో తుడిచాను. కొంచెం కొబ్బరినూనె రాశాను,
కొట్టు నడిపేవాళ్లందరికీ తెలిసిన చిట్కా.
పది వేళ్లూ వరసగా అద్దం దాకా వచ్చి వెళ్లాయి,
పెళ్లింట్లో ఎవరూ గుర్తుపట్టని చుట్టాల్లా.

తొమ్మిదేళ్లుగా పిక్కలు కొట్టిన చేతులు.
జీడిసొన ముందు తోలు తింటుంది,
తర్వాత గీతలు తింటుంది.
రేషన్ డీలరు మూడు నెలలు తిప్పి
చివరికి కోడలి వేలు మీద బియ్యం కొలిచాడట.
నేనే దాలమ్మనని దాలమ్మ చెప్తే చెల్లదు.

పాసుబుక్కు పట్టుకుని నేనే బ్యాంకుకెళ్లాను.
అచ్చు మిషను గరగర మంది:
పదకొండో తారీకు, రెండు వేలు.
పన్నెండున పది వేలు.
పదమూడున పది వేలు.
మిగులు నలభయ్యొక్క రూపాయి.
తీసిన చోటు, నేనెప్పుడూ వినని ఊరు.
తీసినది, దాలమ్మ వేలు.

"నానా? పర్లాకిమిడి దాటి ఒక్క అడుగేసినానా?"
ఇంటికి రేకులేయించడానికి దాచిన డబ్బు అది.
ఏడవలేదు. కొంగు ముడి విప్పి చూసుకుంది,
అందులోంచి కూడా పోయిందేమోనని.

పర్లాకిమిడి ఠాణాలో కుర్ర కానిస్టేబులు
చేయి తిప్పుతూ చెప్పాడు, వంట చెప్పినట్టు.
పదకొండేళ్ల కింద వంశధార ఒడ్డున
పన్నెండు సెంట్లు అమ్మింది కదా,
ఆ దస్తావేజు బొమ్మ ఎక్కడో తెరిచి పడి ఉంది.
ముద్రని పెద్దది చేస్తారు, అచ్చు తీస్తారు,
రబ్బరు పోస్తారు, వేలికి తొడుక్కుంటారు.
అంతే.
ఆ ఏడాదికి ఆమె ఇంకా పిక్క కొట్టడం మొదలెట్టలేదు.
గీతలన్నీ ఉన్నాయి.

వారం తిరక్కుండా నా కొట్టుకి జనం తగ్గారు.
"వాడి మిషను వేలు మింగేస్తాదట."
ఏం చెప్పను, ఎవరికి చెప్పను?
ఎరువుల సాహు ఒక్కడే వచ్చి షట్టరు సగం దించి
లక్షా ఇరవై వేలు తనవీ పోయాయన్నాడు.
లైసెన్సు రద్దవుతుందని ఫోనులో ఎవరో హిందీలో గద్దిస్తే
తనే సంఖ్య చదివి వినిపించాడట.
"పెళ్లానికి చెప్పలేదు. నువ్వూ చెప్పకు."
షట్టరు మళ్లీ ఎత్తి, బయట ఎవరూ లేరని చూసి వెళ్లాడు.
మా వీధిలో ఇంకెన్ని షట్టర్లు సగం దించి ఉన్నాయో.

నెలాఖరున దాలమ్మ మళ్లీ వచ్చింది.
ముద్రకి తాళం వేద్దామన్నాను.
సందేశం వచ్చే నంబరు అడిగాను.
అది అల్లుడిదట, అల్లుడు సూరత్తులో మగ్గం మీద,
షిఫ్టులో ఫోనెత్తడు.
కూర్చున్నాం.
బయట గుణుపురం బస్సు హారన్ కొట్టింది.

చాలాసేపటికి తన బొటనవేలు తనే దీపానికి ఎత్తి పట్టి,
అటు తిప్పి ఇటు తిప్పి చూసి,
అడిగింది దాలమ్మ, నవ్వకుండా:

"ఆల్ల కాడున్న ఆ రబ్బరేలు
నాకొకటి తెప్పించగలవా బాబూ?
బియ్యానికి పనికొస్తాది."

అద్దం మీద నూనె మరక తుడిచాను.
ఇంకోసారి తుడిచాను.