తాడుకి తెలిసిన పాట

రికార్డింగ్ మొదలైందన్నాను.
మసేనమ్మ ఫోను వంక చూసి
ఎండు నెత్తళ్ళ మీద ఈగల్ని తోలింది.
"పాట నాకేటి తెలుస్తాది, తాడుకి తెలుస్తాది."

పెదజాలరిపేట ఇసకలో
ఇప్పుడు తెప్పలకన్నా బైకులెక్కువ.
అలివి వల లాగడానికి ముప్పై మంది కావాలి.
ముగ్గురు దొరికితే
అందులో ఒకడికి నడుం నొప్పి.

అందుకని పాత నైలాను తాడొకటి
కరెంటు స్తంభానికి కట్టింది,
రెండో కొస నా చేతిలో పెట్టింది.
"లాగు. స్తంభం రాదు గానీ పాటొస్తాది."

ఆడవాళ్ళు తాడు ముట్టకూడదనేవారట.
బుట్ట పట్టుకుని ఒడ్డున కూచుని
యాభై ఏళ్ళు విన్నది.
ఇప్పుడు ముట్టుకుంటే కాదనే మగాడు లేడు,
అదీ బాగోలేదంది.

హబేసు, అంది. లాగాను.
హబేసంటే ఎత్తు, ఆరియా అంటే దించు.
ఏ ఓడ కళాసి వదిలి పోయాడో రేవులో,
బీడీకి బదులుగా.
వెనకే ఒక ఒడియా మాట, ఒక అరవ తిట్టు,
రంగం వెళ్ళొచ్చిన తాత
ట్రంకుపెట్టెతో పాటు దించిన
మింజలో.

మింజలో అంటే?
ఎవరికీ తెలీదు.
ఆ మాట దగ్గర మాత్రం
అందరి కుడికాళ్ళూ ఒక్కసారి వెనక్కి పడేవట.
"రాసుకో," అంది, "అర్థం: కుడికాలు."

రాసుకున్నాను.

ఊపిరి తీసుకోడానికి ఆగి
సముద్రంలో రాతిగుట్ట జాడ చెప్పింది.
కొండ కొమ్ము, దాని వెనక తాడిచెట్టు
ఒకే గీతలో పడితే అక్కడ వల దించాలి.
ఆ గీత మీద ఇప్పుడు
పద్నాలుగంతస్తుల మేడ.
నేను అయ్యో అనబోయాను.
"ఏడో అంతస్తు, నీలం బట్టలారేసే బాల్కనీ,"
అంది మసేనమ్మ.
"మా మనవడికదే గురి.
ఆళ్ళు ఇల్లు మారకపోతే చాలు."

మళ్ళీ లాగాం. అరచేతులు మండాయి.
ఫోను ఇసకలో బోర్లా పడింది, చూసుకోలేదు.

రాత్రి గదిలో పెట్టుకుని విన్నాను.
పాట సగం గాలికే పోయింది.
ఒక కాకి. హార్బరు వైపు ఓడ కూత.
ఇద్దరాడవాళ్ళ రొప్పు.
మింజలో దగ్గర
ఇసక మీద ఏదో ఈడ్చినట్టు చప్పుడు.
వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.

నా కుడికాలు.