చెయ్యి పట్టేంత చోటు

మలికిపురం దాటాక ఐసు ఫ్యాక్టరీ పక్కన రేకుల షెడ్డు.
గోతిలో నేను, నెత్తి మీద ఆమ్నీ వ్యాను,
దాని వెనకాల ఆక్సిజన్ పట్టిన సంచుల్లో
లక్షన్నర రొయ్యపిల్లలు,
ఒక్కోటి కనురెప్ప వెంట్రుకంత.

గవర్రాజు గోతి గట్టున నిలబడి గడియారం చూస్తున్నాడు.
పోయిన వారం చించినాడ వంతెన మీద రెండుసార్లు ఆగిందట,
మిట్టమధ్యాహ్నం పైపులో పెట్రోలు మరిగి ఆవిరై
పంపు మీద తడిగుడ్డ కప్పితే గాని కదల్లేదట.
సీటు కింద వాసన కూడా.
"వాసనేగా, రొయ్యల కంపు కన్నా నయం. కానీరా అబ్బాయ్!"

పైపు మార్చింది నేనే. కొత్త రబ్బరు, నల్లగా నిగనిగలాడుతూ.
దగ్గరి దారి పట్టించాను:
ట్యాంకు నుంచి తిన్నగా, సైలెన్సర్ గొట్టం వెంబడే,
జారకుండా ఇనప తీగతో రెండు చుట్లు.
అరగంట పని పావుగంటలో.
నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఏసుపాదం మేస్త్రి కిందికి దిగి టార్చి వేశాడు.
ఏమీ అనలేదు. ఇంజను ఆడించమని పైకి కేకేసి
కాసేపు ఆడనిచ్చి, నా మణికట్టు పట్టుకుని
పైపుకీ గొట్టానికీ మధ్య దూర్చబోయాడు.
చోటెక్కడిది?
వేడే ఎదురొచ్చి నా వేళ్లని వెనక్కి పంపింది.
"నీ చెయ్యి ఓర్చుకోలేంది రబ్బరెలా ఓర్చుకుంటాదిరా?"

ఆయన తండ్రి కాలవ మీద లస్కరు.
ఆ ఇంట్లో తూముల మాటలు, లాకుల మాటలే.
"పంటకాలవ మెరక మీద పోద్ది. మురుగుకోడు పల్లంలో.
రెండూ మన ఊరివే. అలాగని ఆనించి తవ్వితే
గట్టు నాని ఓ రాత్రి తెగుద్ది.
దాటక తప్పదనుకో, అడ్డంగా ఒక్క చోట దాటిత్తారు,
మధ్యన రాయి కట్టి.
అంతేగాని కోసు దూరం కౌగిలించుకుని నడవనివ్వరు."

తీగ కోశాం.
చాసిస్ దూలం వెంట, చల్లగా ఉండే అవతలి పక్కన
జానెడుకో క్లిప్పు, క్లిప్పు లోపల మెత్తటి బిళ్ల.
రేకు బెజ్జంలోంచి దూరే చోట రబ్బరు వాషరు:
"రేకంచు కత్తిరా. రోజూ వెంట్రుకంత కోత్తాది, లెక్క మాత్రం ఒకేసారి చెప్తాది."
ఇంజను ఊగే చోట కొంచెం వదులు,
కిందికి జారి వేలాడేంత కాదు.
ఒక్క చోట గొట్టాన్ని దాటక తప్పలేదు.
అక్కడ రబ్బరు మానేసి ఉక్కు పైపు వేశాడు,
నూనె డబ్బా రేకు కత్తిరించి నడుమ అడ్డం నిలబెట్టాడు,
అటూ ఇటూ గాలి ఆడేలా.

పైన గవర్రాజు తిట్లు.
ఐసు ఫ్యాక్టరీలోంచి ముక్కలు తెచ్చి సంచుల మీద పేరుస్తున్నాడు,
కరిగిన నీళ్లు నా మెడ మీద బొట్లు బొట్లుగా.

మళ్లీ ఇంజను. మళ్లీ నా చెయ్యి.
ఈసారి అరచెయ్యి మొత్తం పట్టింది, అడ్డంగా కూడా.
వంద లెక్కపెట్టమన్నాడు.
అరవై దగ్గర చెమట. ఎనభై దగ్గర ముక్కు దురద.
వంద.

అప్పుడు కనబడింది టార్చి వెలుగులో ఆయన ఎడమ చెయ్యి:
చివరి రెండు వేళ్లు ఒకటైపోయి
మైనంలా మెరిసే చర్మం.
మూడేళ్లుగా ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకోవడం చూశాను,
పుట్టుకతో వచ్చిందేమో అనుకున్నాను.
నేను అడగలేదు.
స్పానర్లు తుడుచుకుంటూ ఎప్పటికో అన్నాడు,
"నేనూ తీగే కట్టాను."

సాయంత్రం మొగల్తూరు నుంచి గవర్రాజు ఫోను.
పిల్లలు చెరువులో పడ్డాయి, వంతెన మీద ఆగలేదు,
కానీ బండిలో ఏదో వెలితిగా ఉందన్నాడు.
పెట్రోలు వాసన అని చెప్పాను.

ఆ తీగ ముక్క నేను పారెయ్యలేదు.
షెడ్డు తలుపు గొళ్లెం ఊడిపోతే దాంతో కట్టాను,
రెండు చుట్లు.
అక్కడ వేడి లేదు.