మూడు, ఆగి, రెండు

తాళ్ళరేవు పడవల షెడ్డులో
చెక్కల సందుల్లో దూది కూరే చప్పుడు.
నా లాప్‌టాప్‌లో హవానా.
ఓడలకి దిగ్గొట్టే కొయ్యసీలలే
అక్కడి తాళమయ్యాయట.

అది విని సింహాద్రి మావ
తుమ్మసీలలు రెండు ఏరి
ఒకదానిమీద ఒకటి కొట్టాడు.
మూడు. ఆగి, రెండు.
మడచెట్లలో ఏదో పిట్ట లేచిపోయింది.

జీవరత్నం బాకా తెచ్చాడు,
పొద్దుటి పెళ్ళి ఉమ్మి దులపకుండానే.
బాణీ గట్టున కాసేపు నడిచి
హఠాత్తుగా బురదలోకి దిగిపోయాడు.
"దారి తప్పావేంట్రా?"
"లేదన్నా, చుట్టూ తిరిగొస్తన్నా."
జాజ్ అంటే ఇదే కాబోలు.

అడుగున నేను డీజే బేస్ పరిచాను,
భైరవపాలెం తీర్థంలో పది బాక్సులూ అదిరేంత.
కంప్యూటరు మావ దెబ్బల్ని
నాట్లేసే తాడు పట్టి గళ్ళలో సర్దేసింది.
ఒక్కటీ ముందు లేదు, ఒక్కటీ వెనక లేదు.
షెడ్డులో ఎవరి కాలూ కదల్లేదు.

చేసిందంతా వెనక్కి తిప్పాను.
మావ నాలుగో దెబ్బ ఎప్పుడూ కాస్త ఆలస్యం,
లంకపొగాకు చుట్టని
ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చుకుంటాడు మరి.

ఆ చుట్ట పట్టే జాగా
పాటలో అలాగే వదిలేశాను.